లప్పం కింద లారీ

పాత మిలటరీ బండి అద్దంలా మెరుస్తూ కనిపిస్తే నాకు ముందు కలిగేది అనుమానం. మెచ్చుకోలు తర్వాత సంగతి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున కూడా ఆ బండి అంత నున్నగా లేదు. వెల్డింగు చిమ్మిన చుక్కలు గీకేవాళ్లు లేరు, రేకు మీద అలలు సరిచేసేవాళ్లు లేరు, రంగేమో అసలు మెరవకూడదు. మెరిస్తే పైన తిరిగే విమానానికి కనబడుతుంది. అలాంటి బండికి ఇప్పుడు కిలోలకొద్దీ లప్పం పెట్టి, రుద్ది, పెళ్లికారులా ముస్తాబు చేసి రిస్టోరేషన్ అంటున్నాం. వింటేజ్ ర్యాలీల్లో చుట్టూ జనం మూగేది కూడా వాటి దగ్గరే.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. తుప్పు తినేసిన క్యాబిన్‌లో చచ్చిన రేకును కోసి పారెయ్యాలి. బతికున్న రేకు ఎంత వంకరగా ఉన్నా ఉంచాలి. మనం వేసిన అతుకు, వెతికేవాడికి కనబడాలి. వినడానికి ఇందులో గొడవపడేందుకు ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ ఈ మాట అన్నందుకు నేను రెండు వర్గాల చేతా తిట్లు తింటున్నాను. "ఎందుకొచ్చిన అతుకులు, మొత్తం కొత్త రేకుతో కొట్టించెయ్" అనేవాళ్లు ఒక వర్గం. "తుప్పును ముట్టుకోకు, అదే దాని అందం, పైన వార్నిష్ కొట్టి వదిలెయ్" అనేవాళ్లు రెండోది. ఈ రెండో రకం ఈమధ్య బాగా పెరిగింది, ఫొటోల పుణ్యం.

మాటలు గాల్లో పోకుండా, కళ్ల ముందున్న బండి సంగతి చెప్తాను. విశాఖపట్నంలో మా బావ షెడ్డులో ఉన్నది షెవర్లే సి15ఏ. సి అంటే షెవర్లే, 15 అంటే మోయగల బరువు 15 హండ్రెడ్‌వెయిట్లు, అంటే ముప్పావు టన్ను, ఏ అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ పట్టు ఉన్నది. కెనడాలో ఒంటారియో రాష్ట్రం ఓషవాలో జనరల్ మోటార్స్ వాళ్లు చేసింది. అదే నమూనాను విండ్సర్‌లో ఫోర్డ్ వాళ్లు ఎఫ్ అక్షరంతో చేశారు. రెండు పోటీ కంపెనీలు ఒకే రకం క్యాబిన్‌తో బళ్లు చెయ్యడం యుద్ధం తెచ్చిన వింత. ఆ యుద్ధకాలంలో కెనడా చేసిన మిలటరీ వాహనాలు మొత్తం 8 లక్షలు దాటాయి. బ్రిటిష్ సామ్రాజ్యం సైన్యాలు ఎక్కడ పోరాడితే అక్కడికి ఇవి పోయాయి. ఉత్తర ఆఫ్రికా ఎడారిలోనూ, ఇటలీలోనూ మన భారత సైన్యం డివిజన్లు వీటిని వాడాయి. బొంబాయిలో జనరల్ మోటార్స్ కర్మాగారంలో విడిభాగాలుగా వచ్చినవాటిని బిగించారు కూడా.

ఈ బళ్లకు వేసిన క్యాబిన్లలో చివరి రకాన్ని 13వ నంబరు క్యాబిన్ అంటారు. 1941 చివర నుంచి యుద్ధం ముగిసేదాకా అదే. చూడగానే గుర్తుపట్టొచ్చు. ముందు అద్దం అన్ని బళ్లలాగా వెనక్కి వాలి ఉండదు, పై అంచు ముందుకొచ్చి, కింది అంచు లోపలికి పోయి ఉంటుంది. ఎండ పడి ఆకాశంవైపు తళుక్కుమనకుండా అద్దాన్ని నేలవైపు వంచారు. అందం కోసం ఒక్క గీత కూడా గియ్యలేదు ఈ బండిలో. ఇంజన్ సగం క్యాబిన్‌లోకే దూరి డ్రైవరుకూ పక్కవాడికీ మధ్య కూర్చుంటుంది. పెడళ్లు ఇరుకులో ఉంటాయి. 85 గుర్రాల ఆ ఆరు సిలిండర్ల ఇంజన్ పక్కన ఎండాకాలం కూర్చుంటే మోకాలు ఉడికిపోతుంది. ఇవి నడిపినవాళ్లలో చాలామంది సైన్యంలో చేరాకే మొదటిసారి స్టీరింగు పట్టుకున్న పల్లెటూరి కుర్రాళ్లు. 1945 నాటికి భారత సైన్యం 25 లక్షల మంది. మన జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి, ఇక్కణ్ణుంచీ వెళ్లారు. యుద్ధం నుంచి తిరిగొచ్చి లారీ ఎక్కిన డ్రైవర్ల తరం ఒకటుంది మనకు.

యుద్ధం అయ్యాక ఈ బళ్లు డిస్పోజల్‌లో అమ్మేశారు. మన వైపు పాతవాళ్లు ఇప్పటికీ 'డిస్పోజల్ బండి' అనే అంటారు. కొన్ని బస్సులయ్యాయి, కొన్ని కలప మోశాయి, కొన్ని రాళ్లు మోశాయి. బావ బండి ఏజెన్సీలో కలప లాగింది. ఆ తర్వాత ఒక తోటలో టార్పాలిన్ కింద పడి ఉంది. టార్పాలిన్ కప్పడం మంచిదే అనుకుంటారు అందరూ. వాన పడనివ్వదు గానీ, లోపలి చెమ్మను బయటికీ పోనివ్వదు. ఎండలో ఆరుబయట పడున్న రేకు కన్నా టార్పాలిన్ కింద రేకే ముందు పోవడం నేను చూశాను.

క్యాబిన్‌లో తుప్పు ఎక్కడ పడుతుందో తెలిస్తే, దాన్ని చేసినవాళ్ల బుర్ర ఎలా పనిచేసిందో తెలుస్తుంది. కాళ్లు పెట్టుకునే రేకు ముందు పోయింది. దాని మీద రబ్బరు మ్యాటు, మ్యాటు కింద ఎప్పుడూ తడి. తలుపుల అడుగు అంచు పోయింది. అద్దం పక్కనుంచి దిగిన నీరు కారిపోవడానికి అడుగున చిన్న బెజ్జాలున్నాయి, దుమ్మూ ఆకులూ చేరి అవి మూసుకుపోయాయి. ముందు అద్దం ఫ్రేము కింది పెదవి పోయింది. లోపలికి వాలిన అద్దం కదా, నీరంతా అక్కడే నిలుస్తుంది. డ్రైవరు భద్రత కోసం ఎంచిన ఆ వాలే ఎనభై ఏళ్ల తర్వాత రేకును తినేసింది. అన్నిటికన్నా దారుణం, రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పెట్టి, చుక్కలు చుక్కలుగా అతికే స్పాట్ వెల్డింగు చేసిన చోట్లు. సందులోకి దూరిన నీరు బయటికి రాదు, రంగు లోపలికి పోదు. ఇనుము తుప్పైతే ముందు పట్టిన చోటుకు కొన్ని రెట్లు చోటు కావాలి. అది సందులో ఉబ్బి రేకులను విడదీస్తుంది. మూల దగ్గర స్పాట్‌కూ స్పాట్‌కూ మధ్య రేకు దిండులా ఉబ్బి ఉంది. స్క్రూడ్రైవరు మొన ఆనిస్తే పొరలు పొరలుగా, గోధుమరంగు పెచ్చులు రాలాయి. బయటివైపు రంగు మాత్రం చెక్కుచెదరలేదు.

టింకరింగ్ మేస్త్రి వచ్చి చూశాడు. ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన మనిషి. చుట్టూ తిరిగి, సుత్తితో అక్కడక్కడా తట్టి, మోత విన్నాడు. "దీన్ని ఉంచి ఏటి చేస్తారండి? నమూనా తీసుకుని మొత్తం కొత్తది కొట్టేస్తాను. దీనికంటే గట్టిగా ఉంటాది, పని కూడా బేగి అయిపోద్ది" అన్నాడు. ఆయన అన్నది తప్పు కాదు. లారీ పొట్ట నింపే బండి అయితే అదే చెయ్యాలి. లారీ క్యాబిన్ మొత్తం చేత్తో కట్టగల పనివాళ్లు మనకున్నారు. విజయవాడ ఆటోనగర్‌కు ఆ పేరొచ్చింది ఊరికే కాదు. ఖర్చు చూసినా ఆయన లెక్కే నెగ్గుతుంది. అతుకులేసే కూలి కొత్త క్యాబిన్ కూలి కన్నా ఎక్కువవుతుంది, ఇది ఎవరూ నమ్మరు గానీ నిజం.

కానీ కొత్తగా కొట్టిన క్యాబిన్ ఆ బండి ఛాసిస్ మీద పెట్టిన ఇంకో బండి. ఓషవాలో ఎవరో హడావిడిగా వెల్డు చేసి, సరిగ్గా కలవని అంచును సుత్తితో కొట్టి కలిపిన గుర్తు మా క్యాబిన్ వెనక గోడ లోపలివైపు ఉంది. తలుపు పైన వేలెడు సొట్ట ఒకటుంది, దాన్ని బయటికి లాగి మళ్లీ ఎవరో బ్రష్షుతో రంగేశారు. ఇవన్నీ కొత్త రేకులో రావు. ఆ నమూనా కావాలంటే బొమ్మ చేసుకోవచ్చు, బండి ఎందుకు?

శ్రీశైలం రిజర్వాయరు నీళ్లలో మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపూర్‌లో మళ్లీ కట్టారు. దాన్ని కొత్త గుడి అనరు ఎవరూ, ఎందుకంటే రాళ్లు అవే. అదే అచ్చు నమూనాతో కొత్త రాళ్లతో కట్టి ఉంటే ఏమనేవాళ్లం? పాత కట్టడాల మరమ్మతు మీద 1964 నాటి వెనిస్ చార్టర్ రెండు సంగతులు తేల్చి చెప్పింది. ఊహ మొదలైన చోట పని ఆపాలి. పోయిన భాగం బదులు పెట్టింది మొత్తంతో కలిసిపోవాలి, అయినా ఏది పాతదో ఏది కొత్తదో తెలియాలి. గుళ్ల కోసం రాసిన ఈ మాటలు లారీ రేకుకు అతికినట్టు సరిపోతాయి. ప్రపంచ వింటేజ్ వాహన సంఘాల సమాఖ్య ఫీవా తన ట్యూరిన్ చార్టర్‌లో పట్టుకున్నదీ ఈ దారే.

ఇక తుప్పుభక్తుల సంగతి. వాళ్లు తరచూ చూపించే ఉదాహరణ నాకూ ఇష్టమే. 1942 ఏప్రిల్‌లో టిర్పిట్జ్ యుద్ధనౌక మీద దాడికి పోయి దెబ్బతిన్న ఒక హాలిఫాక్స్ బాంబరు నార్వేలో గడ్డకట్టిన సరస్సు మీద దిగింది. మంచు కరిగాక మునిగిపోయింది. 1973లో పైకి తీశారు. లండన్‌లోని ఆర్.ఏ.ఎఫ్. మ్యూజియంలో దాన్ని రంగులెయ్యకుండా, శిథిలంగానే ఉంచారు. అద్భుతంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ అది మంచినీటి సరస్సులో ఉన్నది, ఇప్పుడు పైకప్పు కింద హాల్లో ఉన్నది, ఇక ఎగరనక్కర్లేనిది, పైగా చాలామటుకు అల్యూమినియం. మాది విశాఖ. అదే 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులేసిన ఊరు. సముద్రం గాలిలో ఉప్పు మా కిటికీ ఊచలనే తినేస్తుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుముకు తుప్పు జోరందుకుంటుందంటారు. మా దగ్గర అంతకన్నా తగ్గే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇక్కడ తుప్పును 'ఉంచడం' అనేది కుదరదు. అది ఉన్నచోట ఉండదు, ఇంకొంత తింటుంది. పైన కొట్టిన వార్నిష్ కింద కూడా తింటుంది. తుప్పు గడిచిన కాలానికి గుర్తు అంటారు. మా బండిలో గడిచిన కాలపు గుర్తులు సొట్టలూ, గీతలూ, రంగు పొరలూ. వాటినే తుప్పు మింగేస్తోంది.

కనక తుప్పు తియ్యాలి. ఎలా అన్నదగ్గర అందరికీ తట్టేది షిప్‌యార్డు ఊరు కాబట్టి బ్లాస్టింగు, అంటే గాలి ఒత్తిడితో గరుకు పొడి చిమ్మి తుప్పు రాల్చడం. ఓడ ప్లేటు మందం వేరు, క్యాబిన్ రేకు వేరు. ఎక్కువ ప్రెషర్‌తో కొడితే పల్చటి రేకు సాగి వంకరపోతుంది, మళ్లీ జన్మలో సాపు కాదు. మందమైన బ్రాకెట్లకు, ఛాసిస్‌కు బ్లాస్టింగు సరే. ఇసుకతో మాత్రం వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. గీకేటప్పుడు కూడా మాస్కు తప్పనిసరి, ఆ కాలపు రంగుల్లో సీసం ఉంటుంది. పొడి పొడిగా రుద్దకుండా తడి ఎమరీతో రుద్దితే మేలు.

విప్పి తియ్యగలిగిన చిన్న భాగాలకు మేం వాడింది మొలాసిస్, పంచదార తయారీలో మిగిలే మడ్డి. ఒక వంతు మొలాసిస్, తొమ్మిది పది వంతుల నీళ్లు, ప్లాస్టిక్ డ్రమ్ము, రెండు మూడు వారాల ఓపిక. తుప్పును కరిగించి తీసుకుంటుంది, మంచి ఇనుమును దాదాపు ముట్టుకోదు. అల్యూమినియం, జింకు ఉన్న భాగాలు మాత్రం అందులో వెయ్యకూడదు. వాసన గురించి చెప్పను, షెడ్డు పక్కింటివాళ్లు చెప్తారు. నల్లబెల్లం పెద్ద ఎత్తున కొందామా అని బావ అన్నాడు. అనకాపల్లి దగ్గరే కదా. నాటుసారా కేసులో ఇరుక్కుని, ఇది లారీ కోసం సార్ అని ఎక్సైజు వాళ్లకు చెప్పుకోవడం నాకిష్టం లేక పశువుల దాణా కొట్టు దారి పట్టాను.

ఈ పద్ధతి ఎక్కడిదో విదేశీ చిట్కా అనుకుంటారు గానీ, మన కలంకారీ వాళ్లు తరతరాలుగా చేస్తున్నదే. పెడనలోనూ శ్రీకాళహస్తిలోనూ నల్లరంగు కోసం తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెడతారు. పులిసిన బెల్లం ఇనుమును నీళ్లలోకి దించుతుంది. ఆ నీళ్లు కరక్కాయ పట్టించిన బట్టకు తగలగానే నల్లబడిపోతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి విడవని నలుపవుతుంది. ఇప్పుడు సీసాల్లో అమ్మే రస్ట్ కన్వర్టర్లలో కొన్నిటి పని ఇదే. టానిక్ ఆసిడ్ తుప్పుతో కలిసి నల్లటి పొర కడుతుంది. గీకడానికి చెయ్యి దూరని మూలల్లో అది వాడాం. కానీ అది సన్నటి తుప్పుకే. చిల్లి పడ్డ రేకు మీద ఏ మందూ పనిచెయ్యదు, అక్కడ కొయ్యాల్సిందే.

కోసే ముందు చెయ్యాల్సింది ఒకటుంది. తలుపులు బిగించి ఉండగానే, క్యాబిన్ లోపల అడ్డంగా, ఐమూలగా యాంగిల్ ముక్కలు వెల్డు చేసి బిగించాలి. అడుగు రేకు తీసేశాక క్యాబిన్ వెంట్రుకవాసి పక్కకు జరిగినా తలుపు ఇక జన్మలో పడదు. ఆ తర్వాత కోత. ఎంతవరకు కొయ్యాలన్నది కన్ను చెప్పదు, సుత్తి మోత చెప్తుంది. మేస్త్రి ఈ పనిలో మహా దిట్ట. ముందు వద్దన్న మనిషే, పని మొదలయ్యాక నేను రెండంగుళాలు ఎక్కువ గీత గీస్తే చెరిపి వెనక్కి జరిపాడు. "ఇక్కడ బానే ఉందండి, ఎందుకు కొయ్యడం" అని.

అతుకుకు 18 గేజీ సీఆర్ షీటు, అంటే పూత లేని ఉక్కు రేకు వాడాం. చౌక అని జింకు పూత ఉన్న జీఐ రేకు వాడకూడదు, వెల్డింగులో జింకు పొగ వస్తుంది. అతుకును పాత రేకు మీద కప్పి వెల్డు చెయ్యడం తేలిక, అందరూ చేసేదదే. కానీ అప్పుడు మళ్లీ రెండు రేకుల మధ్య సందు, మళ్లీ నీరు. అంచుకు అంచు ఆనించి, సీఓటూ వెల్డింగుతో ఒక్కో చుక్కా పెడుతూ, ఇక్కడొకటి, అక్కడొకటి, వేడి ఒకేచోట చేరకుండా పోవాలి. గీత గీసినట్టు ఏకబిగిన లాగితే రేకు అప్పడంలా ముడుచుకుంటుంది. స్పాట్ వెల్డులున్న చోట పై రేకుకు బెజ్జం పొడిచి వెల్డుతో నింపితే అచ్చం పాత స్పాట్‌లాగే ఉంటుంది. బయటివైపు గ్రైండర్‌తో సాపు చేశాం. లోపలివైపు వెల్డు గీత అలాగే వదిలేసి, ప్రతి అతుకు మూలనా సంవత్సరం అంకెలు పంచ్‌తో కొట్టించాను. లప్పం దాదాపు లేదు. ఉన్నచోట అయస్కాంతం పెడితే అంటుకుంటుంది, అంత పల్చన.

ఆ అంకెలు చూసి వింటేజ్ బళ్లు తెలిసిన ఒకాయన "అయ్యో, అవెందుకు కొట్టించారు? తనిఖీలో మీకే ఇబ్బంది" అన్నారు. నన్ను ఈ వ్యాసం రాయడానికి కూర్చోబెట్టింది ఆ మాటే. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు కొత్త నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల బళ్లు, అసలు రూపంలో ఉన్నవి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్ మార్చడం లాంటి భారీ ఓవర్‌హాల్ జరగనివి వింటేజ్ కిందికి వస్తాయి. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది, రెన్యూవల్ 5,000. రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు, వ్యాపారానికి వాడకూడదు. అన్నీ సబబే. పాత బళ్లను తుక్కు చేసే విధానం ప్రారంభించింది కూడా అదే ఏడాది ఆగస్టులో, కనక వీటికి ఒక గొడుగు పట్టడం అవసరమే.

ఇబ్బందంతా బాడీ షెల్ దగ్గర. మార్చడం వేరు, మరమ్మతు వేరు. అడుగు రేకు సగం కొత్తది వేస్తే అది ఏది? తలుపు కింది నాలుగంగుళాలు వేస్తే? గీత ఎక్కడన్నది తనిఖీ చేసేవాళ్ల కంటికి వదిలేసినట్టే. ఆ కంటికి ఏం కనబడుతుంది? మొత్తం కొత్తగా కొట్టించి, లప్పం పెట్టి, నిగనిగలాడే రంగేసిన క్యాబిన్‌లో ఒక్క అతుకూ కనబడదు. చక్కగా 'అసలు రూపం'. పాత రేకు ముప్పాతిక వంతు నిలబెట్టి, వేసిన అతుకు మీద సంవత్సరం కొట్టి, నిజం చెప్పిన క్యాబిన్ మాత్రం గంటు కనబడి అనుమానం తెచ్చుకుంటుంది. దాచినవాడికి లాభం, చూపినవాడికి శిక్ష. ఎవరి దురుద్దేశమూ కాదిది. రాసినవాళ్లు నకిలీలను ఆపాలనుకున్నారు. కానీ నకిలీ చేసేవాడికే తేలికైంది.

దీనికి మందు కష్టమైనదేం కాదు. విప్పకముందు, కోశాక, అతుకు వేశాక తీసిన ఫొటోలు, ఎక్కడ ఎంత రేకు మార్చామో ఒక పటం, దరఖాస్తుతో పాటు తీసుకోవాలి. ఉన్నది ఉన్నట్టు నిలబెట్టడానికి చేసిన మరమ్మతు ఓవర్‌హాల్ కాదని ఒక్క వాక్యం నిబంధనలో చేర్చాలి. మా ఫైల్లో అవన్నీ పెడుతున్నాం, కోసి తీసిన తుప్పు ముక్కలు కూడా సంచిలో కట్టి ఉంచాను. తనిఖీకి వచ్చినాయన అడిగితే తూకం వేసి చూపిస్తాను.

ఇక మిగిలింది రంగు, అక్కడ మా ఇంట్లోనే యుద్ధం. డ్యాష్‌బోర్డు కింద, ఎవరి బ్రష్షూ అందని మూలలో తడి ఎమరీతో నెమ్మదిగా రుద్దితే పొరలు బయటపడ్డాయి. పైన కలప కాంట్రాక్టరు వేయించిన నీలం, దాని కింద మిలటరీ ఆకుపచ్చ, ఆ కింద మట్టిరంగు. అట్టడుగుది బ్రిటిష్ వాళ్లు ఎస్.సి.సి. 2 అని పిలిచిన గోధుమరంగు అనే నా నమ్మకం, యుద్ధం మధ్యకాలంలో బళ్లకు వేసినది అదే. అరచేతి వెడల్పున ఆ మెట్లను అలాగే వదిలి, చుట్టూ గీత గీసి పెట్టాను. మిగతా క్యాబిన్ అంతా ఆ గోధుమరంగే, మెరుపు లేకుండా, బ్రష్షుతోనే వెయ్యాలని నా పట్టు. బావ ఒప్పుకోవడం లేదు. మిలటరీ బండంటే ఆకుపచ్చ ఉండాలంటాడు. "నువ్వు చెప్పిన రంగేస్తే, ఇన్నాళ్లూ ఏం చేశార్రా, ఇంకా అడుగుపూత రెడ్ ఆక్సైడ్ దగ్గరే ఉన్నారా అంటారు జనం" అని.